గోడ మీద ఒకటికి రెండు

పడవ కింద తిరిగే ప్రొపెల్లర్‌ని మేం పంకా అంటాం. ఏ పడవకి ఎంత పంకా వేయాలో మా ఆయన్నే అడగాలని రేవులో అందరూ అనేవారు. తెరచాప పడవకి ఇంజనుతో పనిపడేది గాలి మొండికేసిన పూటే. పంకా పెద్దదైతే ఇంజను ఆయాసపడి నల్లపొగ కక్కుతుంది. చిన్నదైతే గొంతు చించుకుని అరుస్తుందే తప్ప పడవ కదలదు. పడవ బరువు, ఇంజను బలం, గేరు లెక్క చెబితే చాలు, పంకా వెడల్పెంతో, రెక్కల వంపెంతో మా ఆయన షెడ్డు గోడ మీద సుద్దముక్కతో తేల్చేసేవాడు. పెళ్లయ్యాక నాతో మాట్లాడిన మొదటి మాట కూడా పంకా గురించే, నా ఖర్మ!

ఏడేళ్ల కిందట మా తమ్ముడి పడవకీ ఆయనే లెక్క కట్టాడు. గేరు సంగతి ఫోన్లో అడిగి, గోడ మీద "ఒకటికి రెండు" అని రాసుకున్నాడు. అంటే పంకా ఒక చుట్టు తిరగడానికి ఇంజను రెండు చుట్లు తిరగాలని. నిజానికది ఒకటికి మూడు. దానికి ఇంకా పెద్ద పంకా కావాలి. కొత్త పంకాతో బయటికి తీసిన మొదటి వారమే గాలి పడిపోయి, సముద్రంలోకి దారితీసే రేవు మొగలో నీళ్లు ఎదురుతన్నాయి. ఇంజను అరిచిందట, పడవ కదల్లేదట. రాళ్లకి కొట్టుకుంది. మా తమ్ముడు తిరిగి రాలేదు.

"మూడుని రెండని ఎలా రాశారండీ? చెవులెక్కడ పెట్టుకున్నారు?" అని ఎన్నిసార్లు దులిపేశానో! ఆయన ఒక్కసారీ నోరు విప్పలేదు. వంగిన రెక్కలు సాపుచేయడమే తప్ప, మళ్లీ ఎవరికీ లెక్క కట్టలేదు. గోడ మీది ఆ మాటని మాత్రం చెరపనివ్వలేదు.

మొన్న మా మేనకోడలు వచ్చింది. తండ్రి పడవ బాగుచేయించి కొత్త ఇంజను పెట్టించింది. గేరు పాతదే.

"మామయ్యా, పంకా లెక్క నువ్వే కట్టాలి."

"నావల్ల కాదమ్మా. ఇంకెవరినైనా అడుగు."

ఆ పిల్ల గోడ వంక చూసింది. "ఇదేంటి? ఒకటికి రెండని ఎవరు చెప్పారు?"

మా ఆయన తల దించుకున్నాడు. "మీ నాన్నే. గేరు చూశావా అన్నాను. ఒకటికి రెండు అన్నాడు."

అప్పుడర్థమైంది నాకు. తప్పు మా తమ్ముడిదేనని ఈయన ఏడేళ్లూ అనుకున్నాడు. పోయినవాడి మీద మాట పడకూడదని నా తిట్లన్నీ తిన్నాడు.

"అయ్యో మామయ్యా! నేనప్పుడు నాన్న పక్కనే ఉన్నాను. నీ ఫోన్ రాకముందే గేరు మీది రేకు చూసి మూడనే చదివాడు. ఒకటికి రెండుసార్లు చూశాను బావా అన్నాడు. ఆ మాట మధ్యలోనే లైను తెగింది. మూడని చెప్పడానికి మళ్లీ చేస్తే, రాసుకున్నానులే అని పెట్టేశావు."

మా ఆయన బల్ల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. నాకూ ఏడుపు ఆగలేదు. "నోటికొచ్చినట్టు అన్నాను, క్షమించండి" అన్నాను. ఇన్నేళ్ల కాపురంలో ఆ మాట నా నోట రావడం అదే మొదలు.

ఆ సాయంత్రమే ముగ్గురం పడవ దగ్గరికి వెళ్లాం. ఆయన ఇంజను చక్రం చేత్తో తిప్పుతూ లెక్కపెట్టాడు. పంకా కడ్డీ మీద గీసిన సుద్దగీతని నేను కనిపెట్టుకుని కూర్చున్నాను. ఆయన "మూడు" అనేసరికి గీత చుట్టు తిరిగి నా ముందుకొచ్చింది.

"మళ్లీ తిప్పండి" అన్నాను.

తిప్పాడు. మూడే.

షెడ్డుకొచ్చి, గోడ మీద కొత్త లెక్క రాశాడు. నేను సుద్దముక్క అందుకుని, పాత మాట పక్కన "సార్లు" అని రాశాను.