చింతపండుతో తోమిన ఝూమర్

విదేశాల పాత సామాను అమ్మే దుకాణంలో నేను చాలా ఏళ్లు పనిచేశాను. హైదరాబాద్ చుట్టూ భూముల ధరలు ఎగిరి, పొలాల్లో ఫామ్‌హౌసులు, ఫంక్షన్ హాళ్లు లేస్తున్న రోజులవి. ఇటలీ నుంచి వచ్చిన పాత చెక్క షాండ్లియర్లు మా దగ్గర బాగా అమ్ముడుపోయేవి. అవి గాజువీ కావు, ఇత్తడివీ కావు. చెక్కలో ఆకులూ పూలూ చెక్కి, వాటికి తెల్ల సుద్ద పూసి, దానిపైన ఎర్రమట్టి పూసి, ఆ మట్టి మీద ఊదితే ఎగిరిపోయేంత పల్చటి బంగారు రేకు అతికిస్తారు.

దుకాణం మూసేసేటప్పుడు యజమాని తన దగ్గర పనిచేసిన మగవాళ్లకు హోటల్లో విందు ఇచ్చాడు. నన్ను పిలవలేదు. కొమ్మ విరిగి ఎవరూ కొనని షాండ్లియర్ ఒకటి ట్రాలీ ఆటోలో మా ఇంటికి పంపించాడు. అది బహుమతి అని అందరూ అన్నారు. నేను మాత్రం ఎప్పుడూ అలా అనలేదు.

ఇబ్రహీంపట్నంలో నాది రెండు గదుల ఇల్లు. నేనొక్కదాన్నే. పైకప్పు ఎత్తు తక్కువ కావడంతో షాండ్లియర్ నా నుదుటి దాకా దిగింది. తగిలించడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ "ఇది నాటకాలోళ్లదా అమ్మా?" అని నవ్వాడు. అతన్ని మళ్లీ పిలవలేదు, వేసవిలో ఫ్యాన్ ఆగిపోయినా సరే.

మా ఇంటికి వచ్చే మనిషి పక్కింటామె ఒక్కతే. సాయంత్రం పని ముగించుకుని వచ్చి, షాండ్లియర్ స్విచ్ తనే వేసి, చాప మీద కూర్చునేది.

"అక్కా, గీ ఝూమర్ కింద పెండ్లిపిల్ల లెక్క కూసున్నవ్."

"ఈ వయసులో పెళ్లేమిటి, నోర్ముయ్."

"పిలగాన్ని నేను జూస్త తియ్. గానీ జర పొట్టోడైతేనే మంచిది, లేకుంటే తల పగుల్తది."

నేను నవ్వేదాన్ని. ఆమె రాని సాయంత్రం స్విచ్ వేసేదాన్ని కాదు.

అది చెక్కదని ఆమెకు చెప్పాను. తడి తగలకూడదనీ, పొడి కుంచెతోనే దులపాలనీ చెప్పాను. నేను చెప్పలేదని రేపు ఎవరూ అనకూడదు కాబట్టి రాస్తున్నాను.

ఒక ఏడాది దసరాకు ముందు తాళంచెవి ఆమెకిచ్చి విజయవాడలో మా తమ్ముడింటికి వెళ్లాను. మరదలు అందరికీ వడ్డించాక నన్ను భోజనానికి పిలిచింది. మర్నాడే బస్సెక్కాను.

ఇంటికొచ్చేసరికి తలుపు తెరిచి ఉంది. గదంతా చింతపండు వాసన. పక్కింటామె కొంగు దోపుకుని, చేతిలో చింతపండు ముద్దతో స్టూలు మీద నిలబడి ఉంది. పండగకని వాళ్లింట్లో ఇత్తడి తోముకుంటూ, నాది కూడా తోమిపెట్టాలనుకుందట. పై కొమ్మలు ఇంకా బంగారు రంగులోనే ఉన్నాయి. ఆమె అప్పటికే తోమేసిన కింది కొమ్మలు తోలు లేచిన మోకాలిలా ఎర్రగా, అక్కడక్కడా తెల్లగా ఉన్నాయి.

"తోముతుంటే ఎర్రగ రావట్టె. చిలుమనుకోని ఇంకింత రుద్దిన," అంది భయంభయంగా.

"చెక్క అని చెప్పానా, లేదా?"

"చెప్పినవ్. మజాక్ జేస్తున్నవనుకున్న. చెక్క గట్ల మెరుస్తదా అక్కా?"

"దిగు. చెయ్యి కడుక్కుని ఇంటికి వెళ్లు."

సద్దుల బతుకమ్మ నాడు సత్తుపిండి గిన్నె పట్టుకుని వచ్చింది. నేను తలుపు తీయలేదు. పండగయ్యాక చిన్న డబ్బా బంగారు రంగు కొనుక్కొచ్చి కిటికీలోంచి చూపించింది. "నేనే ఏస్త అక్కా. కొత్తదాని లెక్క జేస్త." అది ఇనుప గేట్లకు వేసే రంగు. "మీ గేటుకే వేసుకో," అన్నాను.

"ఝూమర్‌కున్న ఇజ్జత్ నాకు లేదాయె," అని వెళ్లిపోయింది.

ఆమె మళ్లీ వచ్చి చాప మీద కూర్చుంటే బాగుండునని నాకూ ఉంది. కానీ ముందు తప్పయిందని అనాలి. సత్తుపిండి తెచ్చింది, రంగు డబ్బా తెచ్చింది, ఆ ఒక్క మాట తేలేదు. సాయంత్రాలు గోడ అవతల ఆమె ఎవరితోనో నవ్వడం వినిపించేది. నేను చీకట్లో కూర్చుని వినేదాన్ని.

చలికాలంలో వాళ్ల స్థలానికి మంచి బేరం వచ్చింది. తుక్కుగూడ వైపు ఇల్లు కొనుక్కున్నారు. సామాను లారీకెక్కించిన రోజు పొద్దున ఆమె మా తలుపు ముందు నిలబడింది.

"అక్కా, పోతున్నం. ఇగ బయటికి రా, జర మంచిగ మాట్లాడి పంపు."

"పనిలో ఉన్నాను," అన్నాను లోపల్నుంచి. పనేమీ లేదు.

మా కృష్ణా జిల్లాలో మొదటి పిలుపుకు ఎవరూ లేవరు. భోజనానికైనా, మాటకైనా, రెండోసారి పిలవాలి. అది మర్యాద. ఇన్నాళ్లు నా పక్కన ఉన్న మనిషికి ఆ మాత్రం తెలియదా? నేను లేచి తలుపు దాకా వెళ్లి, గడియ మీద చెయ్యి వేసి నిలబడ్డాను.

"సరే, పని జేస్కో అక్కా మరి," అంది.

చెప్పుల చప్పుడు మెట్లు దిగింది. లారీ బయలుదేరింది. ఇంకొక్కసారి పిలిచి ఉంటే వెళ్లేదాన్నే. పిలవలేదు.