దొరల చర్చి పడమటి గోడ

మొన్న సేలం నుంచి వస్తుంటే నల్లంపల్లి దగ్గర బస్సు ఆగింది. రోడ్డు పక్కన ఎవరో కోళ్ల షెడ్డుకు వెల్ల వేయడానికి డ్రమ్ములో సున్నపురాళ్లు వేసి నీళ్లు పోస్తున్నారు. అది బుసబుసమంటూ పొంగి, ఆవిరి కిటికీలోంచి నేరుగా నా ముఖానికి కొట్టింది. పక్క సీటావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం దిగాల్సిన మనిషిలా లేచి నిలబడ్డాను. అది మా తాత వాసన.

ధర్మపురిలో మాది ఎన్నో తరాల కిందట వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తాత సున్నం మేస్త్రి. ఊళ్లో ఇంగ్లీషు దొరలు కట్టించిన పాత ఆంగ్లికన్ చర్చి ఒకటి ఉండేది. దేవుడు వాళ్లవాడే అయినా గోడల మంచిచెడ్డలు మాత్రం తాతముత్తాతల నాటి నుంచి మా ఇంటివే. ఆ చర్చి చరిత్ర నాకు తాత నోటే తెలుసు, అందులో నిజమెంతో, తాత కలిపిన బెల్లమెంతో ఇప్పుడు తేల్చలేను. వత్తల్‌మలై కొండ కింది నుంచి బండ్ల మీద పునాది రాళ్లు వచ్చాయట. గడ్డిలో చుట్టి మద్రాసు నుంచి ఎద్దుల బండిలో గంట వస్తుంటే, అది ఏ దేవుడిదో తెలియక దారిలో ప్రతి ఊరివాళ్లూ దండం పెట్టి పంపారట. గచ్చులో కలపడానికి చుట్టుపక్కల కోడిగుడ్లన్నీ పట్టుకుపోవడంతో, పాపం, దొరసాని ఆరు నెలలు గుడ్డట్టు మొహం చూడలేదట. ఈ మాట దగ్గర తాత నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకునేవాడు.

దీపావళి వెళ్లి వానలు తెరిపిచ్చాక ఏటా చర్చి పని మొదలయ్యేది. గుంతలో సున్నం వారాల తరబడి నానేది, కుండలో కరక్కాయ, బెల్లం ఊరేవి, బెల్లం ఆశతో వేలు పెట్టి నాకిన పిల్లలం కరక్కాయ వగరుకు మొహాలు చిట్లించుకుని తిరిగేవాళ్లం. పని మొదలుపెట్టే రోజు తాత ప్రహరీ బయట నిలబడి కొబ్బరికాయ కొట్టేవాడు. పాస్టరయ్య సరిగ్గా ఆ సమయానికే అటు తిరిగి చెట్లు చూసుకునేవారు, ఆ తర్వాత లోపలికి వచ్చి సున్నం మీద చేయి చాపి తన ప్రార్థన తాను చేసేవారు. చల్లటి గచ్చు నేల మీద, రంగుటద్దాల వెలుగు చేతుల మీద పడుతుంటే మేం అయిదు రాళ్ల ఆట ఆడుకునేవాళ్లం. క్రిస్మస్‌కు పాస్టరమ్మ పంపిన అచ్చుమురుకులు ఇంట్లో వారం రోజులు కరకరలాడేవి.

నాకు తొమ్మిదో పదో ఏళ్లున్నప్పుడు తాత పరంజా మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. వానకొట్టే పడమటి గోడకు ఆ ఏడే కొత్త గచ్చు వేయాలి. ఆ పని నాయన మీద పడింది. నాయన చెడ్డవాడు కాదు, తొందరపాటు మనిషి. అప్పటికి ఊరంతా సిమెంటు మోజు. పండక్కి ముందే ముగించమని చర్చి పెద్దలు వెంటపడుతున్నారు. సిమెంటు మాటెత్తితేనే తాతకు కోపం. "గోడ గూడా ఊపిరి పీలుస్తాది పాపా. సిమెంటు పూస్తే ముక్కూ నోరూ మూసినట్టే" అనేవాడు. నాయన వారంలో సిమెంటు పూసేశాడు.

"తాతకి చెప్పొద్దు పాపా. కాలు బాగయినాక నేనే చెప్తాను" అన్నాడు నాతో.

నేను రోజూ బడి నుంచి వస్తూ చర్చి దగ్గర ఆడుకుని వచ్చేదాన్ని. మంచంలో ఉన్న తాత దగ్గరికి పిలిచి, "ఏదీ, చెయ్యి చూపీ" అని నా అరచేయి ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. సున్నం ఎంత మాగిందో వాసనతోనే చెప్పగలడు. సిమెంటు పూత మొదలైన రోజు కూడా అడుగుతాడని నాకు తెలుసు. అందుకని ముందే పెరట్లోకి పోయి, పాత గుంతలో మిగిలిన సున్నంలో చేయి ముంచి, ఆరబెట్టుకుని వెళ్లాను. తాత కళ్లు మూసుకుని వాసన చూశాడు.

"రొంబ బాగా మాగింది. మీ నాయన పనోడైపోయినాడు."

ఆ సంతోషం చూశాక నిజం చెప్పడానికి నోరు రాలేదు. వారం రోజులూ అలాగే చేయి ముంచుకుని వెళ్లాను. ఇప్పటికీ నా జీవితంలో నన్ను నేను క్షమించుకోలేనిది ఆ పనే. ఒక్కరోజు వట్టి చేయి చూపించి ఉంటే, తాత మంచం మీంచే అరిచి ఆ పచ్చి సిమెంటును గీకించేసేవాడు.

నాయన ఆ తర్వాతా చెప్పలేదు. రెండు వానకాలాలకు గోడ ఉబ్బింది. లోపలి చెమ్మ బయటికి పోయే దారి లేక, సిమెంటు పెచ్చులు పెచ్చులుగా ఊడుతూ, దొరల నాటి గచ్చునూ ఇటుకనూ కలిపి లాక్కొచ్చింది. కబురు విని తాత కర్ర పట్టుకుని, నా భుజం ఆసరాతో వెళ్లాడు. గోరుతో ఒక పెచ్చు గీకి చూశాడు. తర్వాత నా వైపు చూశాడు, నేను తల దించుకున్నాను. చర్చి పెద్దలు మూగి నాయనను నిలదీస్తున్నారు. ఊళ్లో ఇక అతనికి తాపీ పట్టే పని దొరకదని ఒకాయన గట్టిగానే అన్నాడు.

"చెప్పింది నేనే అయ్యా" అన్నాడు తాత. "నా మాట ఇని వాడు పూసినాడు. వాడిమింద తప్పు లేదు."

నాయనకు పనులు పోలేదు. తాతను మాత్రం మళ్లీ ఎవరూ పిలవలేదు. నన్ను ఒక్క మాట అనలేదు తాత. కానీ నా చేయి మళ్లీ ఎన్నడూ అడగలేదు. అన్నా తిట్టినా బాగుండేది. ఆ తర్వాత మూడో ఏట పోయాడు.

ఇప్పుడు ఆ చోట కొత్త చర్చి ఉంది, టైల్సు నేల, ప్లాస్టిక్ కుర్చీలు, ఎండకు వేడెక్కే గోడలు. పాత గుడి చరిత్ర అంటూ తమిళంలో చిన్న పుస్తకం వేశారు, మా వైపు చర్చినీ గుడి అనే అంటారు. నాతో పనిచేసే స్నేహితురాలు ఆ చర్చికే వెళ్తుంది. నిన్న నాకొకటి తెచ్చి ఇచ్చింది. దొరల పేర్లు, పాస్టర్ల పేర్లు, బెంచీలిచ్చిన వాళ్ల పేర్లు అన్నీ ఉన్నాయి. చివరి పేజీలో, ఒక ముసలి మేస్త్రి తెలివితక్కువగా సిమెంటు పూయించడం వల్ల పడమటి గోడ చెడి, గుడిని తీసేయాల్సి వచ్చిందని ఉంది. నలభై ఏళ్లు ఆ గోడలకు కాపలా కాసిన మనిషికి ఆ చరిత్రలో దక్కిన వాక్యం అదొక్కటే. పేరు కూడా లేదు.

"మీ ఇంట్లోవాళ్లకు ఆ పాత గుడి తెలుసా?" అని అడిగింది ఆమె తమిళంలో.

నాయన కూడా పోయి చాలా ఏళ్లయింది. నిజం చెబితే ఇప్పుడు ఎవరి అన్నమూ పోదు, కానీ ఆ తప్పు తాత తన నోటితో తన మీద వేసుకున్నది.

"తెలుసు, చూశారు" అన్నాను. పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నాను.