ముగింపు ముందే చెప్పే నబీ సాహెబ్

నబీ సాహెబ్‌కు ఏ కథైనా చివరి నుంచి చెప్పే అలవాటు. కోయిలకుంట్లలో ఆయనది మైక్‌సెట్ల అంగడి. సెట్టు అద్దెకు తీసుకుంటే ఆయన గొంతు ఉచితం. వద్దన్నా ఉచితమే.

సినిమా హాలు ముందు టికెట్ల వరుసలో నిలబడి హంతకుడెవరో చెప్పేసేవాడు. హాలు యజమాని దండం పెట్టి ఫ్రీ పాస్ ఇచ్చాడు. ఒకటే షరతు, సినిమా ఎత్తేసే రోజే రావాలి. ఇంట్లో జులేఖా బీ సీరియల్ చూస్తూ కొంగు కళ్లకు అద్దుకుంటే, "ఆ పిల్ల బతికే ఉండాది, రేపు వస్తాది, ఏడ్వాకు" అంటాడు. జులేఖా బీ రిమోట్ విసిరిన రోజులున్నాయి.

అలాంటి మనిషి చేతికి తనూజ తన మొదటి నాటకం మైకు ఇచ్చింది. తనూజ బడిలో సంగీతం టీచరు. విందుకు పిలవలేదని మంత్రగత్తె పెట్టిన శాపం తగిలి నూరేళ్లు నిద్రపోయే రాజకుమారి కథను తీసుకుని, మాటకొక పాట, పాటకొక నవ్వు పెట్టి హాస్య సంగీత నాటకం రాసింది. పాత కథలో రాజకుమారుడు ముద్దు పెడితే ఆ పిల్ల లేస్తుంది. మన ఊళ్లలో స్టేజీ మీద ముద్దు పెడితే ముందు లేచేది జనం. అందుకని తనూజ ముగింపు మార్చింది. డప్పులు కొట్టినా లేవని పిల్ల, ఉగ్గాని బజ్జీ వాసనకు చటుక్కున లేచి కూర్చుంటుంది. నూరేళ్ల ఆకలి మరి! నాటకమంతా ఆ ఒక్క నవ్వు కోసమే రాసింది.

మొదటి ప్రదర్శనలో నబీ సాహెబ్ మైకు అందుకుని గొంతు సవరించుకున్నాడు.

"సోదర సోదరీమణులారా! ఈ పొద్దు శానా మంచి నాటకం. రాజకుమారి నిద్రపోతాది. మీరేం భయపడాకండి, ఆఖర్న ఉగ్గాని బజ్జీ వాసనకు లేస్తాది!"

జనం అప్పుడే నవ్వేశారు. రాజకుమారి నిజంగా లేచేసరికి ఒక్కరూ నవ్వలేదు.

"ఏంది మామా ఇట్ల చేస్తివి?" అంది తనూజ, ఏడుపు గొంతుతో.

"తప్పయిపాయ బేటీ. ఇంకోసారి చెప్తే నా నాలిక కోసెయ్."

ఆళ్లగడ్డలో మళ్లీ చెప్పాడు. మైదుకూరులో ఇంకా వివరంగా, బజ్జీలో వాము వేస్తారని కూడా చెప్పాడు.

రాయచోటి ప్రదర్శనకు తనూజ మైకు లాక్కుంది. రాజకుమారుడి వేషం వేసే సుధీర్ నాటకాన్ని పరిచయం చేశాడు. పొల్లు మాట లేదు. నబీ సాహెబ్ యాంప్లిఫయర్ పక్కన, నోటి నిండా పాన్ కుక్కుకుని బుద్ధిగా కూర్చున్నాడు.

రాజకుమారి నిద్రలోకి జారింది. సరిగ్గా అప్పుడే బయట పల్లెలకు పోయే ఆఖరు బస్సు హారన్ కొట్టింది. వెనక వరుసల ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని, స్టేజీ వైపు తిరిగి తిరిగి చూస్తూ వెళ్లిపోయారు. తనూజ వాళ్లను గమనించలేదు. ఆమె ప్రాణమంతా స్టేజీ మీదే ఉంది.

సుధీర్ పళ్లెం తెచ్చాడు. రాజకుమారి ముక్కు కదిలింది. చటుక్కున లేచింది. హాలు కప్పు ఎగిరిపోయేంత నవ్వు! తనూజ కళ్లలో నీళ్లు తిరిగాయి. "విన్యావా మామా?" అని గర్వంగా పక్కకు చూసింది.

నబీ సాహెబ్ లేడు. బయట రోడ్డు మీద ఇంకో నవ్వు వినబడింది.

వెళ్లి చూస్తే, బస్సు ఇంజన్ ఆన్‌లో ఉంది. ఫుట్‌బోర్డు మీద నబీ సాహెబ్, తల మీద తువ్వాలు ముసుగేసుకుని, రాజకుమారిలాగా గాలిలో వాసన పీలుస్తున్నాడు. కండక్టరు నోట్లో విజిల్ ఉంది గానీ ఊదడం లేదు. బస్సంతా పడీపడీ నవ్వుతోంది.

తనూజను చూసి నబీ సాహెబ్ నాలుక కరుచుకున్నాడు. "మైకులో చెప్పలేదు బేటీ. ఉత్త నోటితో చెప్పినా."

"మామా, నువ్వు..."

"కథ సగంలో బస్సెక్కేటోళ్లు ఏం పాపం చేసినారమ్మా? ఆ పిల్ల లేచిందో లేదోనని ఇంటికాడ తెల్లార్లూ పొర్లాడతారు. యా ఊర్లో అయినా ఆఖరు బస్సు నాటకం కంటే ముందే పోతాది."

కిటికీలోంచి గిడ్డమ్మ అనే ముసలామె తల బయటపెట్టింది. "అది సరే సాయిబూ, శాపం పెట్టిన ఆ మంత్రాలామెకు బజ్జీలు పెట్టినారా లేదా? తిండికి పిలవలేదనే కదా ఆయమ్మకు అంత కోపమొచ్చింది?"

తనూజ గతుక్కుమంది. పెట్టలేదు. ఆ సంగతి రాయాలనే తోచలేదు ఆమెకు.

"పెట్టకుండా ఉంటారా అవ్వా!" అన్నాడు నబీ సాహెబ్ ఏమాత్రం తడుముకోకుండా. "మొదటి ప్లేటు ఆయమ్మకే!"

"అట్లయితే బాగుండాది" అని గిడ్డమ్మ తృప్తిగా వెనక్కి వాలింది. కండక్టరు విజిల్ ఊదాడు.

మరుసటి ప్రదర్శనకు తనూజ మైకు నబీ సాహెబ్‌కే ఇచ్చింది. ఆయన ముగింపంతా చెప్పేశాడు, మొదటి ప్లేటుతో సహా. నాటకంలోనూ ఇప్పుడు అలాగే జరుగుతుంది. అయితే మంత్రగత్తె వేషం వేసే ఈరక్క మాత్రం, రిహార్సల్‌కు కూడా వేడి బజ్జీలు తెస్తేనే శాపం పెడతానని మొండికేసి కూర్చుంటోంది.