లేబుల్ చెప్పిన సింఫనీ

1969. రాయ్‌పూర్‌లో తెలీబంధా చెరువు దారిన నాకు గ్రామఫోన్లు, రేడియోలు బాగుచేసే దుకాణం ఉండేది. ముప్ఫై ఏళ్ళు ఆ పనిలోనే ఉన్నాను. విప్పి బిగించిన మోటార్లు ఎన్నో మరిచిపోయాను గానీ ఆ ఏడాది ఒక ఆదివారం మధ్యాహ్నం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఊళ్ళో ఒక సంగీత సమితి ఉండేది. పేరు చెప్పను. నా దుకాణానికి అందరికన్నా పెద్ద గిరాకీ వాళ్ళే. వాళ్ళు నడిపే పాఠశాలలో పాశ్చాత్య వయొలిన్ నేర్పే ఉద్యోగం ఖాళీ అయితే, మా అప్పలస్వామి మాస్టారు దరఖాస్తు పెట్టుకున్నారు. ఆయనది విజయనగరం వైపు నుంచి వచ్చిన రైల్వే కుటుంబం. రైల్వే వాళ్ళ బ్యాండులో ఇరవై ఏళ్ళు వాయించారు. ఆ బ్యాండు ఎత్తేశాక రోజూ రైలెక్కి తిల్దా వెళ్ళి, రైసుమిల్లుల వాళ్ళ పిల్లలకు పాఠాలు చెప్పి బతుకుతున్నారు. యాభై దాటాయి. ఈ ఉద్యోగం తప్పితే ఇంకోటి రాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

పరీక్ష ఏమిటంటే, సమితి దగ్గరున్న రికార్డుల్లోంచి ఒక సింఫనీ వినిపిస్తూ దాన్ని వివరించాలి. సింఫనీ అంటే పెద్ద వాద్యబృందం వాయించే, మామూలుగా నాలుగు భాగాలుండే రచన. మాస్టారు పేరుమోసినవాళ్ళను వదిలేసి, రెండు వందల ఏళ్ళ కిందట ఆస్ట్రియాలో ఏదో ప్రభువు కొలువులో పనిచేసి, చరిత్రలో ఓ మూలకు పోయిన మనిషి సింఫనీ ఎంచుకున్నారు. బ్యాండులో దాన్ని ఆయన వాయించారు.

"పెద్దోళ్ళ గురించి అందరూ చెప్తారు శంకరం," అన్నారు. "ఈయన ఎక్కడెక్కడ నేర్చుకున్నాడో ఇందులో సాఫ్‌గా తెలిసిపోతాది. మొదటి భాగం నాటకశాల నుంచి, రెండోది చర్చి పాట నుంచి, మూడోది పల్లెటూరోళ్ళ డాన్సు నుంచి. నాలుగోదానికి వచ్చేసరికి ఆ మూడూ కలిపీసి తనదే ఒకటి చేసుకున్నాడు. నేను చెప్పీది ఆ నాలుగోదాని గురించే."

రికార్డులు మూడు, అంటే ఆరు పక్కలు. ఊరు వదిలి వెళ్ళిన ఒక అధికారి సమితికి ఇచ్చిపోయిన పాత సెట్టు అది. సమితి కార్యదర్శికి క్రమశిక్షణ ఎక్కువ. వచ్చిన ప్రతి రికార్డుకూ కంపెనీ లేబుల్ కనబడకుండా మైదా జిగురుతో సమితి లేబుల్ అంటించి, 1-ఎ, 1-బి, 2-ఎ, 2-బి అని తన చేత్తో రాసేవాడు.

ఆ రోజు ప్లేయరు నాది, వేసేది నేను. ఎదురుగా కార్యదర్శి, ఇంకో ఇద్దరు పెద్దలు, వెనక ఓ పాతికమంది. 1-ఎ అయింది. మాస్టారు లేచి, "ఇదే భాగం ఇంకా సగం ఉంది, వినండి," అని హిందీలో చెప్పారు. నేను తిప్పి 1-బి వేశాను. మాస్టారి మొహం మారిపోయింది.

"సర్, ఇది కాదు. ఇది నాలుగో భాగం, ఆఖరుది."

కార్యదర్శి రికార్డు వైపు వేలు చూపించాడు. "మాస్టర్‌జీ, లేబుల్ పర్ సాఫ్ లిఖా హై. స్పష్టంగా రాసుంది, ఒకటి-బి."

"లేబుల్ సంగతి నాకు తెలీదు సర్. నేను వాయించిందే ఇది."

"అయితే కంపెనీ వాళ్ళకు తెలియలేదా, సింఫనీ ఎక్కడ ముగుస్తుందో?" అన్నాడు. వెనక నవ్వులు. ఆ లేబుల్ కంపెనీది కాదు, ఆయన సొంతది. అయినా అందరూ కాగితం మాటే నమ్మారు.

2-ఎ వేశాను. మొదటి భాగం ఆగిన చోటు నుంచి మళ్ళీ అందుకుంది. అప్పుడు నాకు వెలిగింది. అది చేంజర్ సెట్టు. చేంజర్ అంటే రికార్డులన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి పెడితే, వాటంతటవే ఒక్కొక్కటీ జారిపడే మిషను. దాని కోసం చేసిన సెట్టులో ఒకటో పక్కకి వెనక రెండోది ఉండదు, ఆరోది ఉంటుంది. రెండు వెనక ఐదు, మూడు వెనక నాలుగు. మొత్తం దొంతరను ఒక్కసారే తిరగేస్తారు గనక అలా. అది తెలియక కార్యదర్శి ప్రతి రికార్డుకూ ముందు ఎ, వెనక బి అని వరసగా రాసేశాడు. ఈ సంగతి ఆ గదిలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

నోరు విప్పానా? లేదు. అందరి ముందూ కార్యదర్శిని తప్పు పడితే రేపట్నుంచి ఆ గిరాకీ ఉంటుందా అని లెక్క వేసుకుంటూ, బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను. మాస్టారు ఇంకా రెండుసార్లు వరస తప్పిందని చెప్పబోయారు. రెండుసార్లూ ఆపేశారు. ఆఖరున చర్చి పాటలాంటి ఆ నిదానమైన భాగంతో రికార్డులు అయిపోతే, "మీ సింఫనీ మొదలవకముందే ముగిసిపోయింది," అని కార్యదర్శి జోకు వేశాడు. మాస్టారు కాగితాలు మడిచి జేబులో పెట్టుకొని కూర్చున్నారు. ఉద్యోగం ఇంకొకరికి ఇస్తున్నట్టు అక్కడికక్కడే చెప్పేశారు.

ప్లేయరుతో పాటు ఆ సెట్టూ ఇంటికి తెచ్చుకున్నాను. తడిగుడ్డతో 1-బి లేబుల్ ఊడదీశాను. కింద కంపెనీ అచ్చేసిన ఆరు అంకె శుభ్రంగా ఉంది. మర్నాడు రికార్డు పట్టుకెళ్ళి కార్యదర్శికి చూపించాను. అంకె చూశాడు, నన్ను చూశాడు.

"జో హో గయా, హో గయా," అన్నాడు, అయిందేదో అయిపోయిందని. "సమితి లేబుల్ చింపమని నీకెవరు చెప్పారు?"

ఆ మనిషి చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. అయినా రికార్డు అక్కడే పెట్టేసి వచ్చేశాను. వాళ్ళ పని ఆ తర్వాత కూడా నాలుగేళ్ళు చేశాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

అక్కణ్ణుంచి నేరుగా మాస్టారింటికి వెళ్ళాను. తిల్దా బండికి బయల్దేరుతున్నారు. చేంజర్ సంగతి, లేబుల్ కింద ఆరు అంకె, అన్నీ చెప్పాను. మీరు చెప్పిందే నిజం మాస్టారూ అన్నాను. ఆయన చెప్పులు వేసుకుంటూ విన్నారు.

"నీకెప్పుడు తెలిసింది, నాయినా?"

"మూడో పక్క వేయగానే."

"అప్పటికి నేనింకా నిల్చునే ఉన్నాను కదా," అన్నారు.

తిట్టలేదు. వయొలిన్ పెట్టె తీసుకొని స్టేషన్ వైపు వెళ్ళిపోయారు. పని నేర్చుకోవాలని వచ్చేవాళ్ళకు మోటారు, సూది, స్ప్రింగు సంగతులు ఎవరైనా చెప్తారు. నేను నేర్చుకున్నది ఇది. పనిలో నీకు తెలిసిన నిజం అవతలి మనిషి ఇంకా నిలబడి మాట్లాడుతుండగానే చెప్పెయ్యి. మర్నాడు ఇంటికి మోసుకెళ్ళి ఇచ్చిన నిజం ఆయనకు ఎందుకూ పనికిరాలేదు.