ఆడపడుచు కాళ్ళకు పసుపు నీళ్ళు

"ఇంక జన్మలో నాకెదురు రాకే ఒదినా."

"రాన్లే. ఊరందరూ నిన్ను దాటెల్లిపోనారు. నానూ ఎల్లిపోతాను."

నాకూ మా ఆడపడుచుకీ మధ్య చివరగా నడిచిన మాటలివి. ఆడవాళ్ళ మారథాన్ జరిగిన రోజు పొద్దున్న అనుకున్నాం. మూడు నెలలయింది. ఇద్దరిదీ ఒకటే వాకిలి, ఒకటే కొళాయి, మాట మాత్రం లేదు. నాకు చదువు సంతకం వరకే. అందుకని నేను చెబుతుంటే ఆవిడ కూతురు, అంటే నా మేనకోడలు, రాస్తోంది. తప్పంతా నాదేనని ఇంటిల్లిపాదీ అంటున్నారు. ఎంత నాదో వినేవాళ్ళు తేల్చాలి.

నా మొగుడు పోయి ఆరేళ్ళు. అప్పటినుంచీ వీధిలో ఎవరైనా పనిమీద బయల్దేరి గుమ్మంలో నన్ను చూస్తే, ఏదో మరిచిపోయినట్టు జేబులు తడుముకుని లోపలికి పోతారు. కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరతారు. ఎదురింటాయన ఒక పొద్దున్న మూడుసార్లు నన్నే చూసి, మూడుసార్లు నీళ్ళు తాగి, బస్సు పోగొట్టుకున్నాడు. మా ఆడపడుచు ఒక్కతే అలా కాదు. చేపల తట్ట నెత్తికెత్తుకుని, "ఒదినా, ఎదురు రాయే, నానెల్తన్నాను" అని కేకేసేది. పొయ్యి మీద కూర వదిలేసైనా నేను వెళ్ళి నిలబడాల్సిందే. "నీ మొకం సూసెల్తేనే నా తట్ట కాళీ అవుతాది" అనేది. సగం చేపలు తిరిగొచ్చిన రోజు కూడా ఆ మాట మార్చలేదు.

మారథాన్ అని పేరే గానీ శ్రీకాకుళంలో జరిగింది అయిదు కిలోమీటర్ల పరుగు. నలభై అయిదు దాటినవాళ్ళకి బహుమతులు వేరే. మూడో బహుమతి మిక్సీ. మేనకోడలు కాలేజీ నుంచి కాగితం తెచ్చి తల్లి పేరు ఎక్కించేసింది. రోజూ ఆటో కోసం తట్టతో పరిగెత్తే మనిషి ఉత్త నెత్తితో పరిగెత్తలేదా అని దీని ధీమా. పరుగు మా వీధి మీదుగానే పోతుందని తెలిసి ఆడపడుచు నాతో అంది:

"మన ఈది మొగలో నువ్వే ఎదురు రావాల. ఇంకెవులొచ్చినా నాకొద్దు."

ఆ మాటకి నాకు ఒళ్ళు తెలియలేదు. ఉత్త చేతులతో ఎలా నిలబడతాను?

మా వైపు అమ్మవారి పండక్కి ఘటం ఎత్తుకున్న మనిషి వస్తే, ప్రతి ఇంటివాళ్ళూ బిందెతో పసుపు నీళ్ళు తెచ్చి కాళ్ళ మీద పోస్తారు. పోయడం అయ్యేదాకా ఘటం కదలకూడదు. మా ఆడపడుచు పదకొండేళ్ళుగా ఘటం ఎత్తుతోంది. ఆ గౌరవమే చేద్దామని నేను బిందెడు నీళ్ళలో పసుపు కలిపి, వేపమండ వేశాను. ఇరుగుపొరుగు ఇంకో నలుగురికి చెప్పాను. అక్కడే చెడింది.

మేనకోడలు సైకిల్ మీద ముందుగా వచ్చి, "అత్తా, అమ్మ మూడో నెంబరు!" అని అరిచింది. వెనకే ఆవిడ. గోచీ పోసిన చీర, పైన వాళ్ళిచ్చిన గులాబీరంగు టీషర్టు, పొట్ట మీద నెంబరు కాగితం, కాళ్ళకి కూతురి తెల్ల బూట్లు. ఆటో కదిలిపోతున్నట్టే వస్తోంది. నేను రోడ్డు మీదకెళ్ళి బిందె వంచాను.

ఆవిడ ఆగిపోయింది. ఆగమని నేననలేదు. కాళ్ళు వాటంతటవే దగ్గరకొచ్చాయి, కళ్ళు మూసుకుపోయాయి, చేతులు రెండూ పైకి లేచి నెత్తి మీద లేని ఘటాన్ని పట్టుకున్నాయి.

"ఒదినా, బేగి పొయ్యే!" అంది పళ్ళు బిగించి.

"బేగి పోత్తే తప్పు కాదేటే? ఉండు, దార తెగకూడదు."

నా బిందె అయ్యేసరికి పక్కింటావిడ బిందె. అదయ్యేసరికి ఇంకొకటి.

"అమ్మా, ఇది పండగ కాదే! పరిగెట్టే!" అని కూతురు గోల.

"ఎలా కదల్నే, నీల్లు పడతన్నాయి కదే!" అని తల్లి.

ఇద్దరు కుర్ర టీచరమ్మలు దాటిపోయారు. ఒక హెడ్ కానిస్టేబులమ్మ దాటిపోయింది. ఫోన్లో కూర వండడం చెబుతూ నడిచొస్తున్న ఒకావిడ కూడా దాటిపోయింది. నాలుగో బిందె ఆవిడ నీళ్ళు పోసి ఊరుకోక కాళ్ళ మీద పడింది. "మా కోడలి కడుపు పండాల తల్లీ!"

"పండుతాది, లెగు!" అని అరిచింది మా ఆడపడుచు.

చివర్లో మూలింటి ముసలమ్మ చెంబు పట్టుకుని మెట్లు ఒక్కొక్కటే దిగుతూ, "ఆగమ్మా, నానింకా పొయ్యనేదు" అంది. అప్పుడూ ఆగింది.

ఆవిడ చేరేసరికి అక్కడ బల్లలు ఎత్తేస్తున్నారట. మిక్సీ హెడ్ కానిస్టేబులమ్మ పట్టుకెళ్ళింది. ఇంటికొచ్చేటప్పుడు ఆ పచ్చటి బూట్లు అడుగడుక్కీ బుస్సుమంటుంటే, తప్పయిపోయిందని అనాల్సిన నేను పగలబడి నవ్వాను. అప్పుడు ఆవిడ ఆ మాట అంది. నేను ఈ మాట అన్నాను.

మర్నాటినుంచీ ఆవిడ తట్ట ఎత్తుకుని పెరటి దారిన పోతోంది. పొద్దున్నే గుమ్మంలో నిలబడితే వీధంతా లోపలికెళ్ళి నీళ్ళు తాగుతోంది. రమ్మని కేకేసేవాళ్ళు లేరు.

వచ్చే నెల విజయనగరంలో ఇంకో పరుగట. ఆవిడ పేరిచ్చిందట. నేను చెప్పదలుచుకున్నది ఇంతే. నీళ్ళు పోసినందుకు నాకు సిగ్గు లేదు. అందరూ దాటెళ్ళిపోయారని అన్నానే, అది తప్పు. తప్పే. బస్సెక్కి వస్తాను. చెంబు కూడా తేను. ఎదురు రమ్మంటే ఎదురొస్తాను, వద్దంటే వెనక నిలబడి చప్పట్లు కొడతాను.

అమ్మీ, అంతా రాశావా? పెరట్లో కత్తిపీట చప్పుడు ఆగింది. మీ అమ్మ చేపలు కొయ్యడం ఆపినట్టుంది. మొదటినుంచీ ఒకసారి చదువు. గట్టిగా చదువు.