ఎనభై మీటర్ల పలకరింపు

నా మిత్రుడు గనిలో కంప్రెసర్ల దగ్గర ఫిట్టరు. నేను ఎలక్ట్రికల్ విభాగంలో, మనుషుల్ని బోనులో గనిలోకి దించే ఇంజను దగ్గర. ఇంట్లోంచే రేడియోలో దూరంవాళ్ళతో పలికే హ్యాం లైసెన్సు ఇద్దరం ఒకే ఏడు తీసుకున్నాం. గనులు మూతపడ్డాక నేను కోరమండల్ గని క్వార్టర్సులోనే ఉండిపోయాను. అతను బైరకూరుకు, తన పొలం దగ్గరికి, వెళ్ళిపోయాడు. నా సెట్టు ఒక్కరోజూ ఆగలేదు. అతని సెట్టు అటకెక్కింది.

కంప్రెసర్ల హోరు అతని చెవులను తినేసింది. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమంటున్నారో తెలియదు. ఫోను సంగతి చెప్పనే అక్కరలేదు. చెవిలో పెట్టుకునే మిషను కొనిచ్చారు గానీ, అది గిన్నెల చప్పుడునూ మనిషి మాటనూ కలిపి అరుస్తుందని దాన్ని డబ్బాలో పెట్టేశాడు. కొడుకు లారీ తోలుతాడు, ఇంట్లో ఉండేది తక్కువ. కోడలే ఏదైనా చెప్పాలంటే పలక మీద రాసి చూపిస్తుంది. వినబడని మనిషి మాట్లాడడం కూడా మానేస్తాడని అతన్ని చూశాకే నాకు తెలిసింది. నేను వెళ్ళినప్పుడల్లా అతని మాటలు ఇంకొంచెం తగ్గి ఉండేవి.

ఈ ఏడు మామిడి పూత రోజుల్లో ఒక మధ్యాహ్నం అతని ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాం. లోపల కుక్కరు విజిలు వేసింది. అతను కదలలేదు. కాసేపటికి తలెత్తి తోట వైపు చూశాడు.

“కరెంటొచ్చినాది. మోటరు ఎత్తుకునింది.”

పట్టుపురుగులకు ఆకు పెంచే రేషం తోటలో, దూరంగా ఉన్న బోరు మోటరు అది. నేను చెవి రిక్కిస్తే గానీ ఆ ఝుం నాకు అందలేదు. సన్నని చప్పుళ్ళు పోయాయి, లావు చప్పుడు ఇంకా మిగిలి ఉందన్నమాట. మనిషి మాట నిండా సన్నని చప్పుళ్ళే. చుక్కలూ గీతలుగా కొట్టే మోర్సు కూత అట్లా కాదు, అది ఒకే స్వరం. సెట్టులో మీట తిప్పితే ఆ స్వరాన్ని మోటరు ఝుమ్మంత కిందికి దించుకోవచ్చు. పలక తీసుకుని ఇదంతా రాశాను. అతను చదివి పలకను నా వైపే తోశాడు.

“వద్దు రా.”

ఎందుకని చేత్తో అడిగాను.

“వినబడకుంటే? ఇప్పుడన్నా ఎప్పుడో ఒకరోజు విందాములే అనుకునేదానికి ఒకటి మిగిలుండాది. అదీ పోతే ఇంగేముండాది నాకు?”

నేను వాదించే రకం కాదు. పలక తుడిచి, “ఆదివారం వస్తాను, నిచ్చెన సిద్ధంగా పెట్టు” అని రాసి బస్సుకు బయలుదేరాను.

ఆదివారానికి ఏరియల్ తీగలన్నీ కోసి తయారు చేసుకున్నాను. మధ్యలో చిన్న ప్లాస్టిక్ బిళ్ళ, దానికి రెండు పక్కలా మూడేసి రాగి తీగలు. అన్నిటికంటే పొడుగు జత ఎనభై మీటర్ల రేడియో అలల బ్యాండుకు, అందులో సగం ఉన్నది నలభైకి, పొట్టిది ఇరవైకి. సెట్టు నుంచి వచ్చే కేబులు మాత్రం ఒకటే. ఏ బ్యాండులో పలికితే దానికి తగిన జత పని అందుకుంటుంది, మిగతావి ఊరుకుంటాయి. తీగను ఎప్పుడూ జానెడు ఎక్కువగానే కోస్తాను. కట్టాక మీటరు చూసుకుంటూ కొస మడుచుకోవచ్చు. పొట్టిగా కోస్తే అతుకు వేయాలి, అతుకంటే నాకు గిట్టదు.

మిద్దె మీది ఇనుప పైపుకు మధ్య బిళ్ళ కట్టి, ఒక కొసను పట్టుపురుగుల షెడ్డు దూలానికి కడదామని నిచ్చెన ఎత్తాను. కోడలు ఆకు బుట్ట కింద పెట్టి అడ్డం వచ్చింది.

“అప్పా, ఆ పక్క పోవద్దు. పురుగులు నాలుగో జ్వరంలో ఉండాయి. షెడ్డు కదిలితే నేనూరుకోను.”

జ్వరమంటే పురుగు మేత మాని, కదలకుండా పొర విడిచే సమయం. ఆ ఇంటికి ఏడాది తిండి ఆ తట్టల్లోనే ఉంది. నిచ్చెన దించేశాను. షెడ్డుకు ఇవతలే ఒక కూసం, నిలువు రాతి స్తంభం, ఉంది. తీగ తోకను కిందికి వంచి ఆ రాతికి కట్టాను. పొడుగు తీగ కొస వంగితే నష్టమేమీ లేదు. రెండో కొస సిల్వరు ఓక్ చెట్టుకు. చెట్టు గాలికి ఊగుతుంది, బిగించి కడితే మొదటి వానకే తెగుతుంది. చిన్న కప్పీ వేసి, తాడు చివర ఇటుక వేలాడదీశాను. చెట్టు ఊగితే ఇటుక లేచి దిగుతుంది, తీగ మీద లాగు పడదు. బోను తాళ్ళతో ఉద్యోగమంతా గడిపిన చేతులకు ఇది పెద్ద పని కాదు.

కోడలు నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది. “బట్టలారేసే తీగ మాదిరుండాది. దీంట్లో కోరమండల్ మాట వస్తాదా?”

మిత్రుడికి ఎత్తు నచ్చలేదు. “ఇంత కిందనా? మనం యాడ కట్టేటోళ్ళం, యాడ కట్టినావు నువ్వు!”

పలక మీద రాశాను: “దూరం పోవాలంటే ఎత్తు. మనది పక్క ఊరు. కూత నెత్తి మీదికి పోయి, ఆకాశానికి తగిలి మళ్ళీ మన మీదే పడాలి. ఇది చాలు.”

అటక మీది అతని సెట్టు దించి, అతనికి హెడ్ఫోను పెట్టి, స్వరం బాగా తగ్గించి, సెట్టులోనే మోర్సు వినిపించాను. ఒక్క అక్షరం తప్పకుండా రాశాడు. అయినా ముఖం విప్పలేదు. “ఇది సెట్టు లోపలిది. ఆకాశం నించి, గరగరలో నించి వచ్చేదాన్ని పట్టుకోవాల గదా. అది చూద్దాము.”

సోమవారం పొద్దున ఆరు గంటలకు, నలభై మీటర్లలో అన్నాడు. ఆరు మా పాత షిఫ్టు వేళ, నలభై అతను ఎప్పుడూ పలికిన బ్యాండు. ఆ వేళకు నలభైలో పక్క ఊళ్ళు అందవని నాకు తెలుసు. ఎండ ఎక్కితేనే అందుతాయి. చెప్పి చూశాను. వినలేదు. సరే, అందకపోతే ఎనభైకి మారదామని పలక మీద రాసి సంతకం కూడా పెట్టించాను.

సోమవారం నలభైలో పిలిచాను. జవాబు లేదు. ఎనభైకి మారి పిలిచాను. అక్కడా లేదు. వేలు నొప్పి పుట్టేదాకా పిలిచి ఆపాను. పాలు కాచుకుంటుంటే కోడలు ఫోను చేసింది.

“ఏమప్పా ఇట్లయిపాయె! నలభైలో పిలిచినా ఏమీ రాలేదని సెట్టు మూసేసినాడు. ఎనభై చూడనే లేదు. తీగ ఊడదీసి బట్టలారేసుకోమంటాడు. కాపీ కూడా తాగలేదు.”

“ఊడదియ్యద్దమ్మా. పలక మీద నేను చెప్పినట్టు రాయి. చెవిది కాదు తప్పు, వేళది. నలభైలో అతని కూత నాకూ వినబళ్ళేదు, నా చెవులు బాగుండాయి గదా. రేపు నేరుగా ఎనభైలో పిలుస్తాను.”

“ఇంత రాయాల్నా? పురుగులు జ్వరం లేచినాయి. ఆకు వెయ్యాల.”

“ఆకు వేసినాక రాయమ్మా.”

రాస్తుందో లేదోనన్న బెంగ నాకు లేదు. అతను కూర్చుంటాడా లేదా అన్నదే బెంగ. కూర్చుంటే వినబడుతుంది, అందులో అనుమానం లేదు.

మరునాడు ఎనభైలో నెమ్మదిగా పిలిచాను. గరగర. మళ్ళీ పిలిచాను. గరగర అడుగు నుంచి సన్నగా ఒక కూత లేచింది. తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో పంపుకోవడం మా పాత అలవాటు. మోర్సు కొట్టే ఆ చేతిని ఎక్కడైనా గుర్తుపడతాను. గీతను అవసరానికి మించి సాగదీస్తాడు, తలుపు సందులో కాలు పెట్టి నిలబడ్డవాడిలా. ఒక్కొక్క అక్షరమే రాసుకున్నాను.

“భయం ఎవరికి రా?”

నాకేమీ అర్థం కాలేదు. అయినా, “ఎవరికీ కాదు. వినబడుతోందా?” అని పంపాను.

“బాగా వినబడుతోంది. నీ చెయ్యి మాత్రం ఇంకా కుంటుతూనే ఉంది.”

ఆ పొద్దు ఎండ కిటికీలోకి వచ్చేదాకా మాట్లాడాడు. కొడుకు లారీ టైర్లు, మిద్దె కారడం, పోయిన వాళ్ళ పేర్లు, బతికున్న వాళ్ళ రోగాలు. ఇన్నేళ్ళు దాచుకున్నదంతా ఒకేసారి పంపాలన్నట్టు, ఆగమన్నా ఆగలేదు. తర్వాత కోడలికి ఫోను చేసి, పలక మీద ఏమి రాశావమ్మా అని అడిగాను.

“నువ్వు చెప్పిందంత రాసేదానికి యాడ తీరికప్పా? ‘నీ స్నేహితుడు నవ్వుతా ఉండాడు, నీకు భయమంట’ అని రాసినా.”

ఇప్పుడు రోజూ పొద్దున ఎనభైలో, ఎండెక్కాక నలభైలో కలుస్తున్నాం. నిన్న మాటల మధ్యలో నా ఫోను మోగింది. కోడలు, రేషం తోట నుంచి.

“అప్పా, మామ నీతోనే ఉండాడు గదా? నేను ఇంటికి పోయేసరికి పొద్దెక్కుతాది. మధ్యాన్నం ముద్దలోకి బస్సారు చెయ్యాల్నా, ఉప్పుసారు చెయ్యాల్నా, అడుగు.”

బైరకూరు తోటలోని ప్రశ్నను కోరమండల్ నుంచి బైరకూరు ఇంటికి పంపాను. జవాబు వెంటనే వచ్చింది. ఫోనులో చదివి వినిపించాను: “బస్సారు. మొన్నటిదాంట్లో ఉప్పు తక్కువ.”

“ఓయబ్బా! ఇన్నేండ్లు ఏది పెడితే అది తిని నోరెత్తకుండా లేచిన మనిషి. ఇప్పుడు ఉప్పు తక్కువంట!” అంది. అటువైపు ఆకు కోసే చప్పుడు ఆగిపోయింది. “ఇంగా ఏమేమి తక్కువైనాయో అన్నీ అడుగప్పా. నేను లైన్లోనే ఉండా.”

ఫోను బల్ల మీద పెట్టి అడిగాను. జవాబు చాలాసేపు వస్తూనే ఉంది.