జేజి అరుగు కింది కాలువ

తడిసిన పట్టుకు ఒక వాసన ఉంటుంది. చీరలు అమ్మేవాళ్లు దాని సంగతి ఎత్తరు; ఎత్తితే జనం నూలు చీరలతోనే పెళ్లిళ్లు కానిచ్చేస్తారు. వానలో నానిన కుక్క, పొయ్యి మీద మరిచిపోయిన గంజి, కాస్త తుప్పు, ఈ మూడూ ఒకే గదిలో సర్దుకుని పడుకున్నట్టుంటుంది. పోయిన నెల అనంతపురం నుంచి ధర్మవరం వస్తుంటే, దారిలో వానకు తడిసి ముద్దయిన పెళ్లివాళ్లు బస్సెక్కారు. అందరూ ముక్కులు మూసుకుంటే నేను మాత్రం గట్టిగా ఊపిరి పీల్చి, నా ఆరో తరగతి రోజుల్లోకి, మా ఇంటి మగ్గం గుంతలోకి పోయి పడ్డాను. పెళ్లివాళ్లలో ఒక ముసలావిడ నా మొహం చూసి కిటికీ పక్క సీటు ఖాళీ చేసింది. నాకు వాంతి వస్తోందనుకున్నట్టుంది.

మాది నేతగాళ్ల వీధి. ఇంటింటికీ గుంత మగ్గం. నేలలో నడుములోతు గుంత తవ్వి, నేసేవాళ్లు అందులోకి కాళ్లు దించి కూర్చుని పలకలు తొక్కుతూ నేస్తారు. తెల్లవారకముందే మొదలయ్యే ఆ టకటకలకు అలవాటుపడి, సెలవులకు ఏ చుట్టాల ఊరికైనా వెళితే ఆ నిశ్శబ్దానికి నిద్ర పట్టేది కాదు నాకు. బడి నుంచి వచ్చాక మా పని రాట్నం దగ్గర కూర్చుని కండెలకు దారం చుట్టడం. ఆ పని తప్పించుకుని అచ్చనగండ్లు ఆడటం మా అసలు పని.

ఆ ఆటలన్నీ మా జేజి అరుగు మీదే. మా నాయనకు అమ్మ, నాకు జేజి. ఎండాకాలం సాయంత్రాలు ఆ బండ మీద నీళ్లు చల్లితే సుయ్యిమని ఆవిరి లేచేది. అది చల్లారేదాకా ఒంటికాలి మీద కాచుకుని, తర్వాత దాని మీద బోర్లా పడుకుని, ఉగ్గానీ, మిరపకాయ బజ్జీ, కాలం వచ్చినప్పుడు ఉప్పేసి ఉడకబెట్టిన చెనక్కాయలూ, ఉగాదికి నెయ్యి కారే ఓళిగలూ అక్కడే తిన్నాం. జేజి ఒక మూలన కూర్చుని ఆకూ వక్కా నములుతూ, వీధిలో పోయే ప్రతి మనిషినీ ఎక్కడికి, ఎందుకు, ఎప్పుడొస్తావు అని విచారించి వదిలేది. ఏళ్ల తరబడి కూర్చోగా కూర్చోగా ఆ మూలన బండ కాస్త గుంతపడి నున్నగా అయింది. గుళ్లో మెట్లు భక్తులకు అరుగుతాయి. మా బండ విచారణకు అరిగింది.

ఆ అరుగు కింద ఒక కాలువ ఉండేదని పెద్దవాళ్లు చెప్పేవారు. గుట్ట మీది వాననీటిని వీధిలో అటూ ఇటూ పోనివ్వకుండా ఊరి బయట వాగులా పారే వంకలో కలిపేదట. మా తాత కాలంలో వరసగా వానలు ఎగ్గొట్టిన ఏళ్లలో, ఆయన ఆ ఎండిపోయిన కాలువను చూసి చూసి, దీనికి పనీపాటా లేదని తేల్చి, దాని మీద బండ పరిచి అరుగు కట్టాడు. దాన్ని చూసి పక్కింటాయన కట్టాడు. ఆయన్ని చూసి ఎదురింటాయన ఇంకో జానెడు ముందుకు కట్టాడు. నేను పుట్టేసరికి వీధి పొడవునా అరుగులే. ఓబులేసు చిన్నాయన అయితే తన అరుగుకు గులాబిరంగు టైల్సు కూడా వేయించాడు. వాన అనేది మా వీధికి పుకారు. పుకారును నమ్మి ఎవరు అరుగు కట్టడం మానేస్తారు?

ఆ ఏడు చవితికి ముందు పుకారు నిజమైంది.

వాన వస్తే వేరే ఊళ్ల జనం ఇంట్లోకి పరిగెత్తుతారు. మేం బయటికి పరిగెత్తాం. బిందెలు, బకెట్లు, ఆఖరికి దోసెల పిండి గిన్నెలు కూడా ఖాళీ చేసి చూరు కింద పెట్టాం. పిల్లలం గంతులేశాం. పెద్దలు దండాలు పెట్టారు. అమ్మ ఆనందం పట్టలేక ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది. వీధి మొత్తం వాననీళ్లు పట్టుకుంటూ ఉండగా, అన్ని పాత్రల కంటే పెద్ద పాత్ర ఇంట్లో నిండుతోందని ఎవరికీ తోచలేదు. నాయన కేక విని లోపలికి పోయి చూస్తే మగ్గం గుంత బావి అయ్యింది. నాయన నడుములోతు నీళ్లలో నిలబడి, మగ్గానికి బిగించిన పడుగు దారాలను రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని ఉన్నాడు, పుష్కర స్నానానికి వచ్చి మొక్కు మరిచిపోయినవాడిలాగా. ఎవరి కూతురి పెళ్లికో నేస్తున్న చీర. ఎర్రంచు కరిగి మీగడరంగు ఒంట్లోకి పాకింది. ఆ వాసన అప్పుడే మొదటిసారి తెలిసింది నాకు. బజ్జీలు మాత్రం బాగా కుదిరాయి, ఎవరూ తినలేదు.

నాయన రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడినప్పుడు, మాట్లాడకుండా ఉన్నప్పుడే నయమనిపించింది.

"దీపావళి లోపల ఇంగొక వాన వస్తాదంట. మళ్లా గుంతలోకి నీళ్లు దిగితే మగ్గం పీకేస్తా. బెంగుళూరు పోయి వాచ్‌మన్ పని చేస్కుందాం."

నాయనకు రాత్రి తొమ్మిది దాటితే కళ్లు మూతలు పడతాయి. ఆయన్ని కాపలా పెట్టుకునే బెంగుళూరువాళ్లను తలుచుకుని నాకు జాలేసింది. నవ్వి చూశాను. అమ్మ నవ్వలేదు. అప్పుడు తెలిసింది ఇది నిజంగా జరగబోయే సంగతని.

మగవాళ్లంతా ఓబులేసు చిన్నాయన ఇంటి ముందు కూడారు. కాలువ పూడిందని అందరూ ఒప్పుకున్నారు. తమ అరుగు కింద పూడలేదని కూడా అందరూ ఒప్పుకున్నారు. ఎవరి అరుగు పగలగొట్టాలన్న దగ్గర మూడుసార్లు టీ తాగారు. చివరికి ఓబులేసు చిన్నాయన తన టైల్సు మీద చెయ్యేసి శపథం చేశాడు.

"పెద్దమ్మ అరుగు ఎప్పుడు పగిల్తే అప్పుడు నాది పగలగొట్టుకోండప్పా!"

ఆయన పెద్దమ్మంటే మా జేజి. అందరూ హాయిగా నవ్వి ఇళ్లకు పోయారు. గుట్ట కదిలినప్పుడు చూద్దాంలే అన్నట్టు.

ఇదంతా జేజి తన మూలన కూర్చుని వింటూనే ఉంది. ఆకు ఉమ్మేసి నన్ను పిలిచింది.

"పాపా, వీళ్లతో అయ్యే పని కాదు గానీ, పిల్లోళ్లనంతా పిల్చకరా. ముసిలోళ్లను నేను పిలుస్తా."

"ఏంటికి జేజీ?"

"కాలువ యాడ పోతాదో ముసిలోళ్లకే తెలుసు. ఉరికేకి కాళ్లు మీకే ఉండాయి. నడిమిట్లోళ్లకు నోరు తప్ప ఏముండాది?"

పథకం జేజిదే. మా వీధికి తగినట్టే ఉంది. రంగులద్దే మస్తాన్ తాత దగ్గర, పట్టు ముంచి తీశాక కాగుల్లో మిగిలే ఎర్ర రంగునీళ్లు ఉంటాయి. వాటిని వీధి పైచివర, కాలువ నోటి దగ్గర పోయాలి. బండల సందుల్లో ఎర్రగా కనిపించినంత దూరం కాలువ బతికి ఉన్నట్టు. కనిపించని చోట చచ్చినట్టు. రంగును కిందిదాకా తోయడానికి ఇంటికో బిందె వాడిన నీళ్లు ఇవ్వాలన్నాం. మా ఊళ్లో దుడ్లు అడిగితే ఇస్తారు, నీళ్లు అడిగితే చుట్టరికం తవ్వుతారు. ఆ బిందెలు సంపాదించడమే పిల్లలం చేసిన అసలు ఘనకార్యం.

ఆదివారం పొద్దున ముసలివాళ్లంతా వీధి పొడవునా తలా ఒక సందు దగ్గర గొంతుక్కూర్చున్నారు. మస్తాన్ తాత కాగు వంచాడు. మేం వెనకాలే బిందెలు గుమ్మరించాం. "వచ్చెనప్పా!" అని ఒక తాత, "నాకాడికీ వచ్చె!" అని ఒక అవ్వ, కేకలు ఒకదాని వెనక ఒకటి వీధి దిగుతుంటే మేం వాటి వెంట పరిగెత్తాం. రంగు ఓబులేసు చిన్నాయన అరుగు దాటి వచ్చింది. మా ఇంటి దాకా వచ్చింది. మా అరుగుకు దిగువ సందు దగ్గర కూర్చున్న అవ్వ నోరు మాత్రం తెరవలేదు. ఎంతసేపు చూసినా తెరవలేదు. ఈలోగా లోపలి నుంచి నాయన అరిచాడు, మగ్గం గుంత గోడలోంచి ఎర్రగా కారుతోందని.

తర్వాత తెలిసింది. అరుగు కట్టినప్పుడు మా తాత, బండ కుంగకుండా కింద రాళ్లు పేర్పించి మట్టి దట్టించాడు. తక్కినవాళ్లు కాలువకు మూతలు పెడితే, మా తాత బిరడా కొట్టాడు. వీధి అంతటికీ ఒకే ఒక అడ్డం, అది మాదే.

అందరూ జేజిని చూశారు. జేజి ఆ బండ మీదే, ఆ మూలనే కూర్చుని ఉంది. నేను పుట్టినప్పటి నుంచీ ఆమె అంతసేపు ఎవరినీ ఏమీ అడగకుండా ఉండటం అదే మొదలు. అరచేత్తో బండను ఒకసారి తడిమింది.

"గడ్డపార తేరా రామాంజీ," అంది నాయనతో.

"వద్దుమా. నాయన కట్టిన అరుగు."

"మీ నాయన కట్టె, పాయె. ఇన్నేండ్లు కూచునింది నేను. అరిగింది నా కింద. నాకు లేని ఏడుపు నీకేంటికిరా? మగ్గం ఉంటే నువ్వుంటావు. నువ్వుంటే నేను యాడైనా కూచుంటా."

వీధి మొత్తం కళ్లు తుడుచుకుంది. నాయన గడ్డపార తెచ్చాడు. తెచ్చి నిలబడే ఉన్నాడు. ఎందుకంటే జేజి ఇంకా బండ దిగలేదు. దిగమని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. చివరికి నేనే కుర్చీ తెచ్చి పక్కన వేశాను.

బండ లేచిన మరుక్షణం మోయలేని గడ్డపారను నలుగురు పట్టుకోగా పిల్లలమంతా ఓబులేసు చిన్నాయన గడపలో నిలబడ్డాం. ఆయన మమ్మల్ని చూశాడు, టైల్సును చూశాడు, కుర్చీలో ఉన్న జేజిని చూశాడు.

"నోరు జారితినే పెద్దమ్మా," అన్నాడు.

"జారింది నోరే కదప్పా, కాలు కాదు. ఇంక కానీయ్," అంది జేజి.

అడ్డం మాదొక్కటే అయినా, ఇన్నేళ్ల పూడిక తీయాలంటే మూతలన్నీ లేవాల్సిందే. ఆ తర్వాత అరుగులన్నీ వాటంతటవే లేచినట్టు లేచాయి. నడివయసువాళ్లు తవ్వారు, మేం తట్టలు మోశాం, ముసలివాళ్లు తప్పులు పట్టారు. ఆ మట్టిలో మా గోలీలు, బొంగరాలు, జేజి ఎప్పుడో పోగొట్టుకుని కోడలిని అనుమానించిన సున్నపు డబ్బీ దొరికాయి. అమ్మ ఆ డబ్బీని కడిగి, ఒక్క మాట కూడా అనకుండా జేజి ముందు పెట్టింది. అంత గట్టిగా తిట్టడం నేనెప్పుడూ వినలేదు.

దీపావళికి ముందు వాన రానే వచ్చింది. ఒక్క బిందె కూడా బయట పెట్టలేదు ఎవరూ. వీధి వీధంతా కాలువ ఒడ్డున నిలబడి, ఎర్రమట్టి నీళ్లు బుడబుడమని వంక వైపు ఉరకడం చూశాం. నేను ఇంట్లోకి తొంగి చూశాను. నాయన గుంతలోనే కూర్చుని ఉన్నాడు.

"కాళ్లు పొడిగా ఉండాయి పాపా," అన్నాడు. అని, పలక తొక్కాడు.

ఇప్పుడు మా వీధిలో అరుగులు లేవు. అరుగులతో పాటు ఎక్కడికి, ఎందుకు, ఎప్పుడొస్తావు అని అడిగేవాళ్లూ లేరు. గుంత మగ్గాలు చాలావరకు పోయి మరమగ్గాలు వచ్చాయి. మా ఇంట్లో ఒకటి మిగిలింది, నాయనలాగే మొండిగా. జేజి లేదు. ఆమె బండ మాత్రం వీధి కిందిచివర, కాలువ వంకలో కలిసేచోట ఉంది. ఏటా వానలకు ముందు పిల్లలు పైన రంగునీళ్లు పోస్తారు. ముసలివాళ్లలో ఎవరో ఒకరు ఆ బండ మీద కూర్చుని కాచుకుంటారు. ఈ ఏడు ఆ వంతు నాయనకు వచ్చింది. జేజి అరగదీసిన మూలలోనే సరిగ్గా ఇమిడి కూర్చున్నాడు.

పైన కాగు వంచారు. కిందినుంచి నాయన గొంతు వినిపించింది.

"రాలేదమ్మా! యాడనో అడ్డం ఉండాది!"

పిల్లలు కాలువ వెంట అడుగడుగూ చూసుకుంటూ వచ్చి మా ఇంటి ముందు ఆగారు. పోయిన వారమే నా స్కూటరు ఎక్కడానికి నేను పోయించిన సిమెంటు వాలు అక్కడుంది. చాలా అందంగా ఉంది. కాలువలోకి ఒక జానెడు దిగి ఉంది.

"అత్తా, నీదే," అంది ఓబులేసు చిన్నాయన మనవరాలు. దానికి ఆరో తరగతి. తనకంటే పొడవైన గడ్డపారను ఈడ్చుకుంటూ తెచ్చింది, ఎత్తలేకపోతోంది.

నేను నడిమిట్లోళ్లలో చేరిపోయానని అప్పుడు తెలిసింది. కాబట్టి మా వయసువాళ్లు చేయవలసిన పని ముందు చేశాను. సిమెంటు ఖరీదు గురించి కాసేపు మాట్లాడాను. ఆ పిల్ల నడుము మీద చెయ్యి పెట్టుకుని, అచ్చం జేజిలాగా, నేను ముగించేదాకా ఓపికగా విన్నది.

తర్వాత దాని చేతిలోంచి గడ్డపార తీసుకున్నాను.